బుడగయ్యగారి చేతిలో బుడగ

బుడగయ్యగారికి ఈ భూమ్మీద శత్రువు ఒక్కటే, గాలిబుడగ. ఆయన అసలు పేరేమిటో జీతమిచ్చేవాళ్లకే తెలియాలి.

ఆయన ల్యాబ్‌లో చేసేది వేలెడంత చిప్పు మీద కాలేయం. కొత్త మందుల్ని మనుషులకిచ్చే ముందు దానిమీద పోసి చూస్తారు. ప్రింటరు నడిపే ప్రింటరమ్మ జీవకణాలను జెల్లులో కలిపి అచ్చువేస్తుంది. వెంట్రుకంత సన్నని కాలువల్లో వాటికి పోషకద్రవం పారించడం బుడగయ్యగారి పని. ఆ కాలువలో ఒక్క బుడగ దూరిందా, కణాలన్నీ ఊడ్చుకుపోతాయి. కాబట్టి ఆయన భయం న్యాయమే. దాన్ని ఇంటిదాకా మోసుకెళ్లడమే అన్యాయం.

సోడా తాగేవాళ్లతో స్నేహం చేయరు. నురగవచ్చే సబ్బు కొననివ్వరు. పొయ్యిమీద నీళ్లు మరుగుతుంటే గిన్నెలోకి తొంగిచూసి నిట్టూరుస్తారు.

"నీళ్లు కాగితే బుడగలు రాక బంగారం వస్తుందా? అవతలికి వెళ్లండి" అంటుంది భార్య.

ఇక ప్రింటరమ్మ చేరినప్పటినుంచీ ఆమె ప్రాణం తోడేస్తున్నారు.

"సిరంజి తట్టావా?"

"తట్టాను సార్."

"మళ్లీ తట్టు."

పాపం, ఆవిడ ఇంట్లో పిల్లకు మందు పోసేటప్పుడు కూడా చెంచా తడుతోంది.

ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఇదివరకే ఒక చిప్పు పాడుచేసింది. ఇంకొకటి పోతే ఇంటికేనని డైరెక్టరుగారు చెప్పేశారు. ఆయనకు చిప్పు ఏ వైపు పైకుండాలో తెలియదుగాని, ఎవర్ని సాగనంపాలో మాత్రం బాగా తెలుసు.

సరిగ్గా ల్యాబుకు డబ్బిచ్చే పెద్దమనుషులు చిప్పు చూడ్డానికి వచ్చే ఉదయం, పిల్ల జ్వరంతో నిద్రలేని ప్రింటరమ్మ సిరంజి మార్చి, తట్టడం మరిచిపోయింది. మైక్రోస్కోపు తెరమీద కాలువ మధ్యలో దర్జాగా కూర్చుంది బుడగ. కాలేయం కాస్తా కొట్టుకుపోయింది.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నారు డైరెక్టరుగారు.

"నాదే" అన్నారు బుడగయ్యగారు.

ల్యాబంతా నోరు తెరిచింది.

"మీ చేతిలోంచి బుడగా?" అన్నారు డైరెక్టరుగారు.

"వయసైపోయింది కదండీ. తట్టడం మరిచాను."

ఆయన్ను పంపిస్తే చిప్పులు నడిపే దిక్కులేదు. డైరెక్టరుగారు గొణుక్కుంటూ వెళ్లి, పెద్దమనుషులకు పాత ఫొటోలు చూపించి గండం గడిపారు.

"ఎందుకు సార్, మీ పరువు పోయేలా..." అంది ప్రింటరమ్మ.

"నువ్వెళ్లిపోతే ఇంకొకరికి సిరంజి తట్టడం మొదటినుంచీ నేర్పాలి. నాకంత ఓపిక లేదమ్మా. పిల్లకెలా ఉంది?"

ఇన్నాళ్లూ వెనకాల అనుకునే బుడగయ్య పేరుతో అందరూ ఇప్పుడు ఎదురుగానే పిలుస్తున్నారు. ఆయన పలుకుతున్నారు కూడా. చిప్పు పోయిన రోజు మధ్యాహ్నమే ప్రింటరమ్మ చెంచాతో నురగంతా తీసేసి మరీ టీ తెచ్చింది. ఆయన కప్పులోకి అనుమానంగా చూశారు.

"ఒకటి మిగిలింది."

"తీసేయనా సార్?"

"ఉండనీలే" అని, బుడగతో సహా తాగేశారు.