వైరస్ అనుకుని ఆబిడ్స్ దాకా

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. అందుకే చెల్లెలు స్వప్న నర్సింగ్ కౌన్సెలింగ్‌కు కాలేజీలు ఎంచే పని నాకే వచ్చింది. పెద్ద దవాఖాన ఉన్న చోట పని నేర్చుకోవాలని తనకు హైదరాబాద్ కాలేజీల మీదే ఆశ. మంగళవారం సాయంత్రం, కౌన్సెలింగ్ సైటు ఎలా పనిచేస్తుందో చూద్దామని మా ఊరికి దగ్గరి కాలేజీ ఒక్కటి పెట్టి సేవ్ చేశాను. మిగతావి పెట్టేలోపే ల్యాప్‌టాప్ తెర ఎర్రబడి సైరన్ మోగింది. వైరస్ వచ్చింది, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని రాసి ఉంది. చేశాను. అవతలి మనిషి నన్ను మేడం అన్నాడు. అంతకుముందు ఎవరూ నన్ను అలా పిలవలేదు. ఒక యాప్ వేయించి, అనుమతి బటన్ నొక్కమంటే నొక్కాను. బాణం గుర్తు దానంతటదే తిరగసాగింది. బాగవుతోంది, రెండు రోజులు ఆన్ చేయొద్దన్నాడు. ఆ సైటులోకి మళ్లీ వెళ్లాలంటే కోడ్ నా మెయిల్‌కే వస్తుంది. బుధవారం ఫోన్‌లో ఆ మెయిల్ తెరుచుకోలేదు. అదీ వైరస్ పనే అనుకున్నాను. గడువు గురువారం సాయంత్రం ఐదింటికి.

గురువారం ఏడు దాటాక వికారాబాద్‌లో ప్యాసింజర్ ఎక్కి, తొమ్మిదిన్నరకు నాంపల్లిలో దిగాను. టికెట్ యాభై లోపే. బయట ముసురు పట్టింది. ఆబిడ్స్‌కు ఆటో ఎనభై అడిగితే, ల్యాప్‌టాప్‌ను అమ్మ పాత చీర ముక్కలో చుట్టుకుని నడిచాను. పావుగంట పట్టింది. రిపేరు దుకాణాలున్న కాంప్లెక్సులో అన్ని షట్టర్లూ మూసే ఉన్నాయి. మెట్ల మీద వాచ్‌మన్ తాత నన్ను ఎగాదిగా చూశాడు.

“గింత పొద్దుగాల ఎవరొస్తరు బిడ్డా? పదకొండైతది. పొయ్యి చాయ్ తాగు.”

చాయ్ ఇరవై రూపాయలు. రెండు తాగాను. మళ్లీ మళ్లీ గడియారం చూసుకుంటూ కూర్చున్నాను.

రెండో అంతస్తులో దుకాణం తెరిచినాయనకు యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడట. ల్యాప్‌టాప్ తెరవకముందే, తెర ఎర్రబడ్డాక ఏం చేశానని అడిగాడు. అంతా చెప్పాను.

“వైరస్ గాదమ్మా. గా ఎర్ర తెర ఉత్త బొమ్మ. బ్రౌజర్ బంద్ చేస్తే పోతుండె. దొంగ తలుపు కొట్టలే, నువ్వే పిలిచి కుర్చీ ఏసినవ్.”

ముందు ఇంటర్నెట్ లేకుండా చేసి, ఆ యాప్ తీసేశాడు. ఈ యంత్రాన్ని పూర్తిగా శుభ్రం చేసేదాకా ఇందులో ఏ ఖాతాలోకీ వెళ్లొద్దని, పాస్‌వర్డు వేరే ఫోన్‌లోంచి మార్చుకోమని చెప్పాడు. నా ఫోన్‌లో ప్రయత్నించాం. అప్పటికే ఎవరో దాన్ని మార్చేశారు. కొత్తది పెట్టుకోవడానికి కోడ్ ఏ నంబరుకు వెళ్తుందో చూస్తే, అది మా బాపు పాత సిమ్. రీచార్జి చేయక ఏడాది కిందటే పోయింది. వేరే దారిలో అర్జీ పెడితే, పరిశీలనకు కొన్ని రోజులు పడుతుందని వచ్చింది.

కౌన్సెలింగ్ సహాయ నంబరుకు చేస్తూనే ఉన్నాను. మూడు దాటాక ఎవరో ఎత్తారు. మెయిల్‌కు వచ్చే కోడ్ లేకుండా తామేమీ మార్చలేమన్నారు. దుకాణం ఆయన మూడు వందలు తీసుకుని, ల్యాప్‌టాప్‌ను తనే మళ్లీ చీర ముక్కలో చుట్టి ఇచ్చాడు.

ఐదింటికి నాంపల్లి ప్లాట్‌ఫాం మీద ఉన్నాను. స్వప్నకు ఫోన్ చేసి, ఊరి దగ్గరి కాలేజీ ఒక్కటే ఉండిపోయిందని చెప్పాను.

“మరి హాస్టల్‌కని కొన్న బకెట్ అమ్మకిచ్చెయ్యాల్నా అక్కా?”

రైలు వచ్చింది.

మా అమ్మ ఎవరు కాగితం చాపినా వేలిముద్ర వేస్తుంది. అందులో ఏముందో అడగవా అని ఎన్నోసార్లు కోప్పడ్డాను. సారు మంచిగనే మాట్లాడిండు గదా అనేది. నాకు చదవడం వచ్చు. ఆ బటన్ మీద ఉన్నదీ తెలుగే. మంచిగా మాట్లాడాడని నేనూ వేలు పెట్టాను, కాకపోతే పోయింది నాది కాదు, చెల్లెలిది.

ఆబిడ్స్ వెళ్లేవాళ్లు పదకొండు దాటాకే వెళ్లండి. కానీ అంతదూరం వెళ్లే అవసరం రాకూడదనుకుంటే, మీ మెయిల్ సెట్టింగుల్లో ఉన్న ఫోన్ నంబరుకు ఇప్పుడే ఒకసారి వేరే ఫోన్‌లోంచి చేసి చూడండి. మోగేది మీ చేతిలోని ఫోన్ కాకపోతే ఈరోజే మార్చండి.