బావా నేనూ, పొద్దున వణికే కారూ

మొన్న చలి గట్టిగా ఉన్న ఒక పొద్దున మా అబ్బాయి కారు స్టీరింగు వణికిందట, వెంటనే సర్వీసింగుకు తీసుకెళితే అక్కడ చక్రాలను మిషను మీద తిప్పి చూసి, బరువు సరిచేయడానికి అంచున చిన్న సీసం ముక్క తగిలించి పంపారట. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, ఎవరినీ ఒక్క మాట అనకుండా అన్నం తిన్నాడు. స్టీరింగు వణికినా ఇంత ప్రశాంతంగా ఉండవచ్చునని నాకు ఈ వయసులో తెలిసింది. నా కాలంలో ఇదే వణుకు రెండిళ్ల మధ్య రాకపోకలు తెంచినంత పని చేసింది.

అప్పట్లో రాయచూరు నుంచి లింగసుగూరు వెళ్లే రోడ్డు మీద నన్ను మించిన టాక్సీ డ్రైవరు లేడని అందరూ అనుకునేవారు. అందరూ అంటే, మరీ నిలదీస్తే, నేను అనుకునేవాణ్ణి. కారు నాదేనని కూడా చెప్పుకు తిరిగేవాణ్ణి గానీ అందులో సగం మా బావది, అంటే మా అక్క భర్తది. పొద్దుటి బేరాలు నావి, మధ్యాహ్నం నుంచి అతనివి. రాత్రి కారు వాళ్ల ఇంటి ముందు ఆగేది, తెల్లవారగానే నేను వెళ్లి తాళంచెవి తీసుకునేవాణ్ణి.

ఆ ఏడు చలికాలం రాగానే స్టీరింగు వణకడం మొదలుపెట్టింది. ఆ అదురుకు నా పళ్లు టకటకా కొట్టుకునేవని ఊరంతా చెప్పాను. పళ్లు కొట్టుకున్నది చలికి, కానీ మోచేతుల దాకా జివ్వుమనడం మాత్రం నిజం. ఊరు దాటాక తగ్గుతూ తగ్గుతూ, దారిలోని కల్మల చేరేసరికి ఏమీ ఎరగనట్టు నున్నగా పోయేది. తిరిగొచ్చి కార్ల షెడ్డు మేస్త్రీకి చూపిస్తే అతను ఒక చుట్టు తోలి, నట్లు బిగించి, "గాడీమే కుచ్ నై భాయ్, తుమారే హాత్ దేఖో" అని నవ్వేవాడు, లోపం బండిలో లేదు, నా చేతుల్లో ఉందని. ఇక మధ్యాహ్నం బావ ఎక్కితే సరేసరి, బడికి పోయే పిల్లంత బుద్ధిగా నడిచేది.

నాకు అనుమానం పుట్టింది. రాత్రిళ్లు బావ వడ్ల మూటలు వేసుకుని మిల్లుకు తోలుతున్నాడని, గుంతల్లో పడేసి పొద్దున నాకు అప్పగిస్తున్నాడని. రోజూ డిక్కీ తెరిచి వడ్ల గింజలు వెదికేవాణ్ణి. గుప్పెడు దొరికాయని అక్కతో చెప్పాను. దొరికింది ఒక్క గింజ, అదీ నా చెప్పుకు అంటుకుని వచ్చిందేమో.

బావ అనుమానం ఇంకో రకం. "ఏంది బామ్మర్ది, నా చేతుల వణకని బండి నీ చేతులనే వణుకుతదా? నన్ను ఎల్లగొట్టి బండి నువ్వే ఉంచుకోవాలని గీ నాటకం ఆడుతున్నవు" అన్నాడు వాకిట్లో నలుగురూ వినేలా.

"రాత్రంత బండి నీ ఇంటి ముంగల ఉంటది. ఏం చేసినవో నువ్వే చెప్పు బావా" అన్నాను నేను.

కారు అమ్మేద్దాం, ఎవరి గడప వారిది అనే దాకా వచ్చింది. అక్కకు అటు మొగుడు, ఇటు తమ్ముడు. ఎవరికి ముందు చాయ్ పోసినా రెండోవాడు ఆ గ్లాసు వంక అనుమానంగా చూసేవాడు. చివరికి ఒక పొద్దున ఆమె శాలువా కప్పుకుని, నేనూ వస్తానని వెనక సీట్లో కూర్చుంది. బావ తోలాడు, నేను పక్కన. సందు మలుపు తిరగ్గానే అతని చేతుల్లోనూ స్టీరింగు దడదడలాడింది. నేను సంబరపడబోయేంతలో, రాత్రి దొంగతనంగా వచ్చి ఏదో ఒదులు చేశావని నా మీదికి తిరిగాడు. కల్మల దగ్గర ఎప్పటిలాగే వణుకు మాయమైంది. మరి ఇప్పుడెవరు బిగించారని నేను.

అప్పుడు కిందికి దిగి, టైర్లు ముట్టుకుని, అసలు సంగతి కనిపెట్టింది నేనేనని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. కనిపెట్టింది అక్క.

"పొద్దున లేస్తే నా మోకాళ్లు గిట్లనే పట్టుకుంటయి, నాలుగడుగులు ఏస్తే ఒదులైతయి. నాకెవడొచ్చి రాత్రి నట్లు ఇప్పిండు? చల్లటి నేల మీద రాత్రంత ఒక్క తీరుగ నిలబడ్డది, దాని కాళ్లు పట్టుకున్నయి" అంది.

ఆ సాయంత్రం ముందు చక్రాలను జాకీతో లేపి బండిని ఇటుకల మీద నిలబెట్టాం. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఇద్దరం కారుకు చెరో పక్క మంచాలు వేసుకున్నాం. తెల్లారి దించి తోలితే వణుకు లేదు. రాత్రంతా బరువు మోసిన ఆ పాత నైలాన్ టైర్లు చలికి అడుగుభాగాన చదునుగా బిగుసుకునేవని, కాస్త దూరం తిరిగి వేడెక్కితే మళ్లీ గుండ్రమయ్యేవని అప్పటికి అర్థమైంది.

కారు అమ్మలేదు, టైర్లు మార్చాం. అనుమానాలు మాత్రం మానలేదు. పెట్రోలు తగ్గిందని అతను, అద్దం పక్కకు తిప్పావని నేను, తాళంచెవి చేతులు మారినప్పుడల్లా పోట్లాడుకుని, అక్క పోసిన చాయ్ తాగి ఎవరి పనికి వాళ్లం పోయేవాళ్లం.

అక్క పోయింది. ఎవరి కార్లు వారికి వచ్చాయి. ఈమధ్య యరగేరలో ఒక పెళ్లిలో బావ కనిపిస్తే, పాత సరదా కొద్దీ దగ్గరికి వెళ్లి, "బావా, నీ బండి నట్లు ఒదులు చేసి వచ్చిన, చూసుకో" అన్నాను. ఆయన లేవలేదు, బండి వైపు చూడలేదు, కనీసం నా మొహం వంకైనా అనుమానంగా చూడలేదు. "నువ్వు గట్లేం చేస్తవులే, కూచో, అన్నం తిను" అని పక్కన కుర్చీ లాగాడు. నా మీద ఆయనకు ఇంత నమ్మకం ఎప్పుడు కుదిరిందో తెలియదు గానీ, పోట్లాట లేని ఆ పూట నాకు భోజనం సయించలేదు.