అన్న ఫోటో పెద్దది కాలేదు

పొద్దున స్టూడియో షట్టర్ ఎత్తుతుంటే అన్న కూతురు ఫోన్ చేసింది. "కాకా, బాపు లేస్తలేడు. జల్దీ రా." నేను వెళ్లేసరికే డాక్టర్ చూసి వెళ్లిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

మేం బతకొచ్చిన పర్వత్ పాటియా బట్టల బజారులో చీరల కేటలాగులకు ఫోటోలు తీసే అన్న అంటే తెలియనివాళ్లు లేరు. నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. పదిహేనేళ్లు మరమగ్గాల మీద పనిచేసి ఇటు వచ్చినవాడు కావడంతో ఫోటోను కూడా బట్టను చూసినట్టే చూసేవాడు. పోగులు లెక్కపెట్టగలిగేంత వరకు కంప్యూటర్‌లో పెద్దది చేసేవాడు. ఎక్కడైనా పోగు తెగినట్టు కనిపిస్తే చీర తెచ్చి వెలుతురుకు పట్టేవాడు. నిజంగానే తెగి ఉండేది!

ఫోన్‌లో చూసేదానికి అంత పెద్దది ఎందుకని చీరల సేఠ్ విసుక్కునేవాడు. "ఫోన్ మే దేఖ్‌నా హై భాయ్, ఇత్నా బడా క్యోఁ?"

అన్న నవ్వి, ఆయన వెళ్లాక నాతో అనేవాడు: "చిన్నగ తీసి పెద్దగ చేస్తనంటె లేని పోగులు యాడికెళ్లి తెస్తవ్ తమ్మీ? తీసేటప్పుడే తియ్యాలె." వినీ వినీ నాకూ విసుగొచ్చేది.

పోయినేడు బతుకమ్మ నాడు గల్లీలో అందరినీ తీసి, కెమెరా నా చేతికిచ్చి తాను నిలబడ్డాడు. తనదీ ఒకటి తీయమనడం అదే మొదటిసారి. కెమెరాలో మెమరీ కార్డు నిండవచ్చింది. ఆయన తీసినవి చెరపడానికి చేతులు రాలేదు. సైజు అన్నిటికన్నా చిన్నదానికి తిప్పి, దూరం నుంచి నిలువెత్తు తీసేశాను.

"పెద్ద సైజులనే తీసినవా?"

"ఆఁ, అన్నా."

అందరి ఫోటోలూ తీసిన మనిషికి ఆధార్ కార్డు మీది కాక మిగిలింది ఆ ఒక్కటే. పదో రోజుకు గోడకు పెట్టడానికి పెద్దది కావాలంది వదిన. పెద్దది చేస్తే కళ్లు గడులు గడులుగా విడిపోయాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో వేస్తే నున్నటి చర్మంతో స్పష్టంగా ఒక ముఖం వచ్చింది. వదిన చాలాసేపు చూసింది.

"గీయనెవలు? గదుమ కింద మచ్చుండె గదా. ఏమాయె?"

గడ్డం కింది ఆ మచ్చ ఫోటోలోకి రానే లేదు. నేనే రానివ్వలేదు. ఇక ఏం చేసినా అది రాదు. ఆ మాట వదినకు ఇప్పటికీ చెప్పలేకపోయాను, మీకు చెబుతున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

చివరికి ఉన్నది ఉన్నట్టే, అగ్గిపెట్టెంత అచ్చువేసి చిన్న ఫ్రేము కట్టించాను. దండ మాత్రం ఎవరో పెద్దది తెచ్చారు. వేయగానే అన్న కనపడకుండా పోయాడు. వదిన లేచి వచ్చి, రెండు వేళ్లతో బంతిపూలు పక్కకు జరిపి, తంతు అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.