గరిక మూట

పెంచుకున్న కుందేలు చచ్చిపోతే మీరు ముందు ఎవరి కళ్లను అనుమానిస్తారు?

తార్నాకలో మా పక్క వాటా టీచరమ్మ, తన రెండు కుందేళ్లలో ఒకటి చచ్చిపోతే, గరికను అనుమానించారు. వానలు తగ్గాక యూనివర్సిటీ క్యాంపస్‌లో కోసుకొచ్చి, చలికాలం మేతకోసం డాబా మీద ఎండబెట్టి మూటకట్టిన గరిక అది. ఎవరేం చెప్పినా ఆవిడది ఒకటే మాట: "ఏదీ, చూద్దాం."

"దిష్టి తాకింది టీచరమ్మా! దర్వాజకు నిమ్మకాయ కట్టుండ్రి" అన్నది ఇంటి ఓనరమ్మ.

"నిమ్మకాయ పులిహోరకు దాచండి వదినగారూ. ఏదీ, చూద్దాం" అంటూ మూట విప్పి ఒక కాడను విరవబోయారు. అది విరగలేదు, వంగింది. అడుగంతా బూజు.

"పూర్తిగా ఎండకుండానే కట్టేశాను. చంపింది నేనే."

కళ్లు తుడుచుకుని మూటంతా పారబోశారు. మిగిలిన కుందేలు కోసం కొడవలి పట్టుకుని మళ్లీ క్యాంపస్‌కు బయల్దేరారు.

మీ ఇంట్లో ఏ ప్రాణి పోయినా, దిష్టి తీయకండి. అది తిన్న మేత చూడండి. బతికున్నవాటిని కాపాడండి.