ఫ్యూజక్క వేసిన అతుకు

మా అమ్మమ్మ చెయ్యెత్తి ఒక్క కేక వేసిందంటే ఆకాశంలో మెరుపు సైతం దారిలోనే ఆగి, "ఏ ఫేజులోంచి రమ్మంటావమ్మా?" అని అడిగి మరీ కిందికి దిగుతుంది. ఎక్కువ చెబుతున్నాననుకుంటే అనుకోండి. మా వీధిలో అటు చివరి ఇంటి మీద పిడుగు పడింది, ఇటు చివరి ఇంటి మీదా పడింది. మా ఇంటి మీద మాత్రం ఇంతవరకూ పడలేదు. దానికైనా భయముంటుంది కదా!

వర్క్‌షాపులో ఆమెను అందరూ ఫ్యూజక్క అనేవారు. మనిషి పొట్టి. కళ్లజోడు తాడు కట్టుకుని మెడలో వేలాడుతుంటుంది. కొప్పులో టెస్టర్ గుచ్చుకుని తిరిగే ఆడమనిషిని నేను మరెక్కడా చూడలేదు. పెళ్లిచూపుల్లో కూడా అది అలాగే ఉందని, అది చూసే తాతయ్య నోరెత్తకుండా ఒప్పుకున్నాడని మా అమ్మ అంటుంది.

ఆ వర్క్‌షాపులో ఆమె మొదట చేరింది కాలిన మోటార్లకు తీగ చుట్టడానికి. కొన్నాళ్లకు పెద్దసారు కొత్త మిల్లింగ్ మిషను తెప్పించాడు. అంకెలు చదువుకుని ఇనుమును చెక్కే రకం. ఎక్కడ ఎంత కొయ్యాలో అంకెల్లో చెబితే చాలు, బల్ల దానంతటది జరుగుతుంది, కట్టరు దానంతటది తిరుగుతుంది. దాని వెనక బీరువా అంత పెట్టె, పెట్టె నిండా తీగలు. అప్పట్లో ఉన్న ఎలక్ట్రీషియన్ ఆ పెట్టె తలుపు తెరిచాడట, చూశాడట, మెల్లగా మూసి టీ తాగొస్తానని వెళ్లాడట. ఆ టీ ఇప్పటికీ అయినట్టు లేదు.

"తీగ తీగేగా! మోటారులో చుట్టుకుని ఉంటుంది, ఇందులో సాగి ఉంటుంది. అంతేగా తేడా" అని అమ్మమ్మ ఆ తలుపు తెరిచింది. అప్పటినుంచి రిటైరయ్యే రోజు దాకా ఆ పెట్టె ఆమెదే. మిషను నడిపే ఆయన కూడా మారలేదు. ఆయన్ని మేమంతా మిల్లింగ్ బాబాయి అంటాం.

ఆ మిషను చెడిపోవడం కంటే అలగడం ఎక్కువ. తలుపు సరిగ్గా పడకపోయినా, బల్ల హద్దు దాటినా, ఎవరైనా ఎర్ర మీట నొక్కినా ఠక్కున ఆగిపోయేది. ఈ కాపలా స్విచ్చులన్నీ ఒకే తీగ మీద ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కటి చెయ్యి వదిలేసిందా, మిషను మొత్తం పడుకుంటుంది. తెర మీద 'ఎమర్జెన్సీ' అని పడుతుంది గాని, చెయ్యి వదిలింది ఎవరో చెప్పదు. మామూలుగా ఎవరైనా మొదటి స్విచ్చు నుంచి వరసగా చూసుకుంటూ పోతారు. అమ్మమ్మ తిన్నగా మధ్యకు వెళ్లేది. అక్కడిదాకా కరెంటు వచ్చిందా? వస్తే ముందున్న సగానికి ఏ పాపమూ తెలియదు. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు. అలా నాలుగు గంతుల్లో దొంగను పట్టుకునేది.

ఈ పద్ధతి ఆమె మిషను దగ్గర వదిలేసి ఇంటికొస్తే మేం బాగుపడేవాళ్లం. మా అమ్మకీ మామయ్యకీ తగువైనప్పుడు, "మొదట్నుంచీ చెబుతా వినమ్మా" అని అమ్మ కళ్లొత్తుకుంటే, "మొదలొద్దు. మధ్యలో చెప్పు. వాడు కంచం తోసేసేసరికే నీకు కోపమొచ్చేసిందా, అప్పటికింకా రాలేదా?" అనేది. డిటెక్టివ్ నవల చేతికిస్తే సరిగ్గా నడిమి పేజీ తెరిచేది. "ఇక్కడికి ఈ జమీందారు బతికే ఉన్నాడు. చావు వెనక సగంలో ఉంది" అని పుస్తకం పక్కన పడేసేది. నా చదువు పదో తరగతి గుమ్మంలో ట్రిప్పయితే, పాపం రెండుసార్లు రీసెట్ చేసి చూసింది. నిలబడలేదు.

బడి వదలగానే నేను వర్క్‌షాపుకే వెళ్లేదాన్ని. అట్టపెట్టె మీద కూర్చుని, మిషను మీద పాలలా కారే చల్లటి నూనెనీళ్ల వాసన పీలుస్తూ బిస్కెట్లు తినేదాన్ని. ఆ వాసన ఇప్పుడెక్కడ తగిలినా నాకు ఆకలేస్తుంది. అమ్మమ్మ మిషను వైపు వీపు పెట్టి కూర్చునేది. లోపల కరెంటు కలిపే కాంటాక్టరు పట్టుకున్నప్పుడల్లా 'టప్' మనేది. "విన్నావా? ఇవాళ గొంతు బొంగురుగా ఉంది. రేపు పని పెడుతుంది చూడు" అనేది. నాకు రోజూ ఒకేలా వినిపించేది. మర్నాడు మాత్రం అది నిజంగానే పని పెట్టేది.

ఇప్పుడా చెవులే పోయాయి. ఆమె ఒప్పుకోదనుకోండి. "నాకేం కాలేదు, మీరే గొంతులు తగ్గించేశారు" అంటుంది.

పోయిన ఏడాది చిన్నసారు ఫోన్ చేశాడు. పెద్దసారు కొడుకే. జుట్టు నెరిసినా ఇంకా చిన్నసారే. వర్క్‌షాపు మూసేస్తున్నాడు. లేతులు, డ్రిల్లులు అన్నీ వెళ్లిపోయాయి, మిల్లింగ్ మిషను ఒక్కటే మిగిలింది. అచ్చులు చేసుకునే ఒకాయన కొంటానన్నాడు గాని, కళ్లెదుట ఆగకుండా నడిపి చూపిస్తేనే అన్నాడు. అదేమో కాసేపు నడుస్తుంది, ఆగుతుంది. రీసెట్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. వచ్చిన మెకానిక్కులు మీటరు పెట్టి చూసేసరికి అన్నీ బాగానే ఉంటున్నాయి. ఇవాళ తేలకపోతే రేపు పాత ఇనుము లారీ వస్తుంది.

స్కూటరు మీద అమ్మమ్మ నా వెనక కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "గ్యాస్ కట్టరు పెట్టి ముక్కలు కోస్తారే దాన్ని" అంది.

"ఏంటమ్మమ్మా?"

"నీక్కూడా చెవుడేనా? పోనీ."

వర్క్‌షాపు నేల మీద మిషన్లు తీసేసిన చోటల్లా నూనె మరకల మధ్య తెల్లటి చదరాలు మిగిలాయి. మూల మన మిషను. మిల్లింగ్ బాబాయి దాన్ని శుభ్రంగా తుడిచి నిలబెట్టాడు. కొనేవాడు స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏం రోగం దీనికి?" అంది అమ్మమ్మ.

"మీరు లేరని బెంగక్కా" అన్నాడు బాబాయి.

"బెంగైతే నువ్వూ పడుకునేవాడివి. పవర్ తియ్యి."

కరెంటు కట్టేసి, కాపలా తీగను సరిగ్గా మధ్యలో విడదీసి, ముందు సగానికి మీటరు తగిలించింది. తీగ తెగకుండా ఉన్నంతసేపు మీటరు కీచుమని అరుస్తూ ఉంటుంది. ఒక్కో తీగనూ బాబాయి ఊపాలి. ఎక్కడ అరుపు తెగితే అక్కడ దొంగ.

"అరుస్తోందా?" అని నన్నడిగింది.

"అరుస్తోంది" అన్నాను. నా చెవులు ఆమెకు అరువిచ్చి అలా నిలబడ్డాను.

ఎర్ర మీటలు ఊపాడు, తలుపు స్విచ్చు ఊపాడు. అరుపు ఆగలేదు. ముందు సగం నిర్దోషి. మీటరు రెండో సగానికి మారింది. బల్ల కిందికి వెళ్లే కేబుళ్లు ఒక్కొక్కటే ఊపుతూ బాబాయి నల్లదాని మీద చెయ్యి వేశాడు.

"అది వదిలెయ్. అది నేనేసింది. పోదు."

బాబాయి వదిలేశాడు. మిగతావన్నీ ఊపాడు. మీటరు జోరీగలా అరుస్తూనే ఉంది. మళ్లీ మొదటికొచ్చాం, మళ్లీ చివరికెళ్లాం. కొనేవాడు గడియారం చూసుకున్నాడు. చిన్నసారు జేబులోంచి ఫోన్ తీశాడు. అది లారీవాడికేనని అందరికీ తెలుసు. అమ్మమ్మ మొహం చిన్నబోయింది.

"అక్కా, అదొక్కటే మిగిలింది" అన్నాడు బాబాయి, నేల చూస్తూ.

"పోదన్నానా?"

"సగం, సగం అంటావు. మధ్యలో ఓ ముక్క దాటేశావు అమ్మమ్మా" అన్నాను నేను. నా నోరు ఎప్పుడూ అంతే.

నన్ను కాల్చేసేలా చూసింది. మీటరు వైపు చూసింది. తర్వాత మెల్లగా, "ఊపు" అంది.

బాబాయి ఊపాడు. అరుపు తెగింది. ఆమె నా మొహమే చూస్తోంది.

"ఆగిందా?"

"ఆగింది."

బల్ల కింద పాకి, కేబులు బయటికి లాగాం. మధ్యలో ఒక అతుకు. చుట్టిన టేపు జిగురుముద్ద అయిపోయింది. లోపల నూనెనీళ్లు తాగి తాగి రాగి పచ్చబడింది. రెండు మూడు పోగులే అంటుకుని ఉన్నాయి. బల్ల గట్టిగా కుదిపినప్పుడల్లా అవి రెప్పపాటు విడిపోవడం, ఆగగానే అంటుకోవడం. అందుకే ఎవరికీ చిక్కలేదు.

"ఎవడు వేశాడయ్యా ఇలా, గోనెసంచి మూతి కట్టినట్టు?" అన్నాడు చిన్నసారు.

బాబాయి దగ్గుతూ పైకప్పు రేకులు లెక్కపెట్టడం మొదలెట్టాడు. అమ్మమ్మ నోరు మూసుకుంటే అక్కడితో సరిపోయేది.

"నేనే" అంది. "ఎవడు అంటావేం? మగాళ్లెవరైనా ఈ పెట్టె ముట్టుకున్నారా?"

చిన్నసారు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఒకప్పుడు ఇనుపరజను తగిలి ఆ కేబులు తెగిందట. కొత్తది వచ్చేదాకా రెండ్రోజులు నడిస్తే చాలని అతుకు వేసిందట. కొత్తది వచ్చింది. ఆ రోజేదో అర్జంటు ఆర్డరు. ఆ తర్వాత, నడుస్తున్నదాన్ని కదపడమెందుకని ఊరుకుంది. మరి ఆ కొత్త కేబులు ఎక్కడుందనుకున్నారు? పెట్టె వెనక మేకుకి, వచ్చినప్పటి కవరుతో సహా వేలాడుతోంది. బాబాయి ఇన్నాళ్లూ దాని మీదే చేతిగుడ్డ ఆరేసుకుంటున్నాడు.

"కంటికి కనబడలేదట్రా?" అంది.

"గుడ్డ వేసుకోవడానికే పెట్టారనుకున్నానక్కా."

గుడ్డ తీసి బాబాయి మొహాన కొట్టి, కొత్త కేబులు విప్పింది. నా చేతికి టార్చి ఇచ్చింది. మరమేకు మొదటిసారికే తిన్నగా పడింది. అన్నీ బిగించాక, "వెయ్యి" అంది. బాబాయి స్విచ్చు వేశాడు.

టప్.

అమ్మమ్మకు వినపడలేదు. నేను చెప్పబోయేలోపే ఆమె అరచెయ్యి పెట్టె తలుపుకు ఆనించి ఉంది. పసిపిల్లకు జ్వరం తగ్గిందో లేదో చూసినట్టు అలాగే కాసేపు ఉంచింది.

"గొంతు బాగుంది" అంది.

బల్ల అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మాకు టీలొచ్చాయి, తాగాం, గ్లాసులు ఎండిపోయాయి. అది ఆగలేదు. చివరికి కొనేవాడే లేచి, "చాలమ్మా, ఆపండి" అన్నాడు. మిషను లారీ అయితే ఎక్కింది గాని, ముక్కలుగా కాదు, నిలబడి ఎక్కింది. అమ్మమ్మ లారీ పక్కకెళ్లి కొన్నాయనతో, "ఎప్పుడైనా అలిగితే మధ్యలో చూడు నాయనా. ఎవరు వేసిందైనా సరే, ఒక్కటీ వదలకు" అంది. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, ఆ తర్వాత ఇంజను చప్పుడు ఇంకా వినపడుతోందా అని నన్నడిగింది. ఎప్పుడో ఆగిపోయింది. వినపడుతోందనే చెప్పాను.

ఆ పాత అతుకును పారెయ్యనివ్వలేదు. పర్సులో వేసుకొచ్చి, వంటింటి స్విచ్చుబోర్డు పక్కన మేకుకి తగిలించింది. పొద్దున కాఫీ పెట్టుకునేటప్పుడల్లా దానికేసి ఓ చూపు చూస్తుంది. తిట్టుకుంటుందో, ముచ్చటపడుతుందో నాకింకా అంతుపట్టలేదు.

నిన్న ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. వీధి మొత్తం విన్నాక గాని ఆమెకు వినపడలేదు. మెరుపు దగ్గర తల ఊపింది. జమీందారు దగ్గర నవ్వింది. అతుకు దగ్గర కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది.

"తప్పు నీదేనని రాసేశాను. తీసెయ్యనా అమ్మమ్మా?" అన్నాను.

"ఉంచవే కోతీ. రెండ్రోజులకని వేసిన అతుకు అన్నేళ్లు నిలబడిందని కూడా రాయి. నువ్వు బళ్లో అన్నేళ్లు నిలబడ్డావా?"