ఖాళీ బండి కొలత

2002 జూలై 13, శనివారం. మధ్యాహ్నం రెండు గంటలు. విజయవాడ ఆటోనగర్, కమాన్‌కట్టల షెడ్డు. హాజరైనవారు: నేను, 64 కిలోలు. మా బావమరిది, 81 (తాను చెప్పుకున్నది 75). షెడ్డు సాయిబు గారు, బండి ఎక్కలేదు. ఆయన తమ్ముళ్లిద్దరూ కలిపి 130. టీ బడ్డీ ఆయన, 58.

ఇరిగేషన్ శాఖలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా నా డైరీలో ముందు తేదీ, తర్వాత హాజరు రాయడం అలవాటు. మనుషుల బరువులు రాసింది మాత్రం ఆ ఒక్కరోజే.

మా బావమరిది కొల్లేటి అంచున ఉన్న ఒక చెరువు నుంచి పికప్ బండిలో చేపలు తెచ్చి బెజవాడలో వేసేవాడు. ఆ చెరువుగట్టు మీద ఒక తూము ఉంది. లోడుతో దాటేటప్పుడు బండి వెనక బంపరు దాని మిట్టకు తగిలి ఇరుక్కునేది. అలా రెండుసార్లు ఆగిపోయి, ఐసు కరిగి, చేప మెత్తబడింది. ఆదివారం చేపల పట్టుబడికి కూడా ఇలాగే అయితే వేరే బండి చూసుకుంటానని చెరువు యజమాని చెప్పేశాడు. మా వాడికి వచ్చే పనిలో సగం ఆ చెరువుదే.

బండి ఎత్తు పెంచక తప్పదు. ఎలా పెంచాలన్నదే తేలలేదు. అతని మనసంతా హనుమాన్ జంక్షన్‌లో చూసిన ఒక బండి మీద ఉంది. దాన్ని ముందూ వెనకా జానెడు లేపి పెద్ద టైర్లు వేశారట. నేను ముందురోజు బండిని ఇంటి ముందు పెట్టించి టేపుతో, రసమట్టంతో కొలిచాను. వెనక కన్నా ముందు భాగం రెండంగుళాలు కిందికి ఉంది. ముందు లేపితే బండి సమంగా నిలబడుతుందని తేల్చి, బొమ్మ గీసి పట్టుకెళ్లాను.

సాయిబు గారు ఆ కాగితం చూశారు.

"కొలిచినప్పుడు బండిలో ఏముంది సార్?"

"ఏమీ లేదండీ. శుభ్రంగా కడిగించి కొలిచాను."

"రోజా ఉన్న పూట దర్జీకి నడుం కొలతిచ్చి, పండగ బిర్యానీ తిన్నాక ప్యాంటు పట్టలేదంటే ఎలా సార్?"

టీ ఇవ్వడానికి వచ్చినాయన నవ్వాడు. కాలవకు నీళ్లు వదలకముందే నీటిమట్టం రాసుకున్నవాడి పని చేశానని నాకు అర్థమైంది.

కమాన్‌కట్ట అంటే ఇరుసు మీద బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్ట. షెడ్డులో అలాంటి పాత పట్టీలు కట్టలుగా పడి ఉన్నాయి. కాటా వేసి కొన్న ఇనుము కాబట్టి ఏ కట్ట ఎంత తూగుతుందో ఆయనకు తెలుసు. చేపల లోడంత బరువు రావాలని ఏడువందల కిలోలు బండికెత్తించి, మిగతా లోటుకు మమ్మల్ని ఎక్కమన్నారు. నేను ఒక్కొక్కరి బరువూ అడిగి రాసుకున్నాను.

"డెబ్భై అయిదు," అన్నాడు బావమరిది.

"కాటా ఇక్కడే ఉందండీ," అన్నారు సాయిబు గారు.

మేం పైన కూర్చుంటే ఆయన నా టేపుతో కొలిచారు. ఇప్పుడు వెనక భాగమే ముందు కన్నా మూడంగుళాలు దిగింది. నా బొమ్మ ప్రకారం చేయించి ఉంటే హెడ్‌లైట్ల వెలుగు తాటిమట్టల మీద పడేది, తూము దగ్గర బంపరు ఎప్పట్లాగే తగిలేది.

ఇక రెండు దారులు. కమాన్‌కట్టకూ ఇరుసుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టడం ఒకటి, కట్టలో ఇంకో పట్టీ కలపడం ఒకటి.

"దిమ్మ ఎత్తుద్దిగానీ మొయ్యదు సార్. పట్టీ అయితే మోస్తది."

"నాలుగు చక్రాల దగ్గరా లేపెయ్యరాదా భాయ్?" అన్నాడు బావమరిది.

"ఈ బండిని లాగేది వెనక రెండేనండీ. ఎంత లేపినా ముందు రెండూ ప్యాసింజర్లే."

వెనక రెండు పక్కలా ఒక్కో పట్టీ వేయించాం. ముందు భాగం ముట్టుకోలేదు. బరువంతా దించేసరికి బండి వెనక బాగా లేచి నిలబడింది.

"ఇదేంటి బావా, తేలు తోకెత్తినట్టు? చెరువు కాడ నవ్వి చంపుతారు."

"ఖాళీగా పోయేటప్పుడు నవ్వనీండి," అన్నారు సాయిబు గారు. "లోడుతో వచ్చేటప్పుడు నవ్వకపోతే చాలదా? ఇంకో మాట. ఖాళీ మీద వెనక తేలిగ్గా ఉంటది, బురదలో జారుద్ది. రెండు ఇసక బస్తాలు వేసుకోండి."

నేను రాసుకున్నాను. అతను వేసుకోలేదు.

మర్నాడు ఉదయం నేనూ వెళ్లాను. రాత్రి వాన పడింది. గట్టు ఎక్కే చోట నల్లరేగడిలో వెనక చక్రాలు గిర్రున తిరిగాయేగానీ బండి కదల్లేదు. వల లాగడానికి వచ్చినవాళ్లు చూసి నవ్వారు.

"దానికి వెనక కాళ్లు వాచినయ్యా అన్నా?" అంది ఒకామె.

బావమరిది నా వంక చూశాడు. నేను దిగి, వెనకెక్కి కూర్చున్నాను. నవ్వినవాళ్లను కూడా రమ్మన్నాను. ఏడుగురు ఎక్కారు. చక్రాలు నేలను పట్టుకుని బండి పైకి వచ్చింది.

తొమ్మిది గంటలకు లోడుతో తూము దాటాం. నేను కిటికీలోంచి తల బయటపెట్టి విన్నాను. కింద ఏ చప్పుడూ లేదు. గట్టు మీద నిలబడి చూస్తున్న యజమాని బుధవారం మళ్లీ రమ్మని బావమరిదికి చెప్పాడు.

ఆ రోజు హాజరులో ఆ ఏడుగురినీ రాశాను. బరువులు అడగలేదు.