రెండు కార్ల రాఘవయ్య గారు

రాఘవయ్య గారి కారెక్కినవాళ్ళు ఊరు చేరితే చాలదు, తీర్పు చెప్పి దిగాలి. ఆయనకు రెండు కార్లు: తెల్లదొరల కాలం నాటి మోరిస్, అరవై మూడులో కొన్న అంబాసిడర్. ఏది మెత్తగా పోతుంది? నూజివీడులో ఇంత పెద్ద మామిడి వ్యాపారిని పీడించే ప్రశ్న ఇదొక్కటే.

చాట్రాయి రోడ్డు మీద నడిచిపోయే మనిషి కనిపిస్తే కారాపేవారు.

"ఎక్కండి. మొన్న పాతదాంట్లో వచ్చారుగా, ఇవాళ కొత్తది చూడండి."

"నేను పోవాల్సింది అటండీ!"

"గోతులు ఇటే ఉన్నాయండీ. అటు పోతే ఏం తెలుస్తుంది?"

మనుషుల మాట చాలక వెనక సీట్లో వరిగడ్డి పరిచి, మాగిన రసాల మామిడిపళ్ళు పేర్చి తిప్పేవారు. పళ్ళు చితక్కపోతే, "కాయ గట్టిది లెండి, కారు గొప్పేం లేదు" అని కొట్టిపారేసేవారు. చితికితే ఆ రసం పక్కింటివాణ్ణి గనక నాకు దక్కేది. "కూచోండి, మోరిస్ సంగతి చెప్పలేదు" అనేవారు. ఆ సంగతి నాకు కంఠతా వచ్చు. అయినా కూచునేవాణ్ణి. భార్య హైమవతి గారు పోయాక ఆ ఇంట్లో రెండో గొంతు లేదు. రేడియో కొనుక్కోమంటే, "అది నా మాట వినదండీ" అన్నారు.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ పళ్ళ పరీక్ష కోసం రెండు కార్లూ, తీర్పు చెప్పడానికి నేనూ ఆయన తోటకు వచ్చి ఉన్నాం. కాయలు ఏరుతున్న లక్ష్మికి నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. ఆసుపత్రికి పోవాలి. అత్త పార్వతి అడ్డం నిలబడింది.

"వద్దు బాబుగారూ, పురిటి మైల. మీ కారు పాడవుద్ది. బండి కడతాం."

"బండి చేరేసరికి తెల్లారుతుంది. కారు కడుక్కుంటే పోతుంది, జరుగమ్మా!"

"ఏది తియ్యమంటారండీ?" అన్నాడు డ్రైవరు శౌరి. వాదన తేలేలోపు ఒక చుట్ట కాల్చుకోవచ్చని అగ్గిపెట్టె కూడా తీశాడు.

"కొత్తది!"

శౌరి అగ్గిపుల్ల జారవిడిచాడు. ఇన్నేళ్ళ వ్యాజ్యం ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

ఆసుపత్రి వరండాలోకి ఆడపిల్ల ఏడుపు వినబడ్డాక మెల్లగా అడిగాను.

"ఏది మెత్తనో మీకు ఎప్పుడో తెలుసన్నమాట."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. "తేలిపోయిందంటే నా కారు ఎవరెక్కుతారండీ?"

గోడకు చేరబడి కూచున్న పార్వతి తల తిప్పి ఆయన్ని చూసింది.

పురుడు వెళ్ళాక ఒక రోజు చాట్రాయి దగ్గర తనే చెయ్యెత్తి మోరిస్‌ని ఆపింది. చంకలో మనవరాలు.

"ఆ రోజు తొందరలో సరిగ్గా చూళ్ళేదు బాబుగారూ. ఇది కూడా చూసి చెబుతాం."

"ఎక్కు, ఎక్కు! ఇంతకీ ఎక్కడికి పోవాలి?"

పార్వతి సీట్లో సర్దుక్కూచుని తలుపేసుకుంది.

"పనేం లేదండీ. మీరెటు పోతే అటే."